మూడున్నరేళ్ళ పిల్లకేం గుర్తుంటుంది?

బొబ్బిలిలో రాజకుమారి సారె అంటే జనం అడిగి మరీ కట్టించుకుంటారు. ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు వెంట పంపాల్సిన అరిసెలు, సున్నుండలు, జంతికలు, మడత కాజాలు ఊరంతా పంచినా తక్కువ కాకూడదు, ఒక్కటి విరగకూడదు. ఆమె కట్టిన బుట్టలో ఇప్పటిదాకా ఒక్క అరిసె విరగలేదు. చెయ్యి అంత మెత్తన. మనసు సంగతి మాత్రం అడక్కండి. అందులో ఒక మాట పడిందా, ఊరగాయ జాడీలో ముక్క పడ్డట్టే. ఏళ్ళు గడిచేకొద్దీ ఊరుతుంది తప్ప పాడవదు.

ఆమెకో పట్టింపు ఉంది. ఇరుగింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపదు. ఆ మాటకొస్తే ఎవరూ పంపరు, గుప్పెడు పంచదారో నాలుగు పువ్వులో వేసి ఇస్తారు. రాజకుమారి అక్కడితో ఆగే మనిషి కాదు. ఆరు గారెలొస్తే ఆరు బూరెలు వెళ్ళాలి, అదీ అదే గిన్నెలో. "మంచైనా సెడ్డైనా గిన్నె కాళీగా ఎల్లకూడదు" అంటుంది. విన్నవాళ్ళు ఇదేదో వేళాకోళమనుకుని నవ్వేస్తారు. జూట్ మిల్లులో పనిచేసే ఆమె మొగుడు త్రినాథ్ ఒక్కడే నవ్వడు. ఆ చెడ్డ గిన్నె ఎవరింటిదో అతనికి తెలుసు.

అది అతని అప్పదే. విజయనగరంలో ఉండే అక్క యమున, రాజకుమారికి పెద్దాడపడుచు. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అన్నారా? యమున అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు. ఆమె మొగుడు మోహనకృష్ణ కాంట్రాక్టరు, భోగాపురం వైపు విమానాశ్రయం కబురు రాగానే వాళ్ళ జీడితోటల ధరలకి రెక్కలొచ్చాయి. అప్పటి నుంచి యమున తమ్ముడింటికి వస్తే గుమ్మంలోనే చేతిసంచీ మరదలికి అందిస్తుంది. మనిషి చెడ్డదని కూడా అనలేం. ఎదుటివాళ్ళకీ ఒక మనసుంటుందన్న సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు, అంతే.

చాలా ఏళ్ళ కిందటి మాట. రాజకుమారికి పెళ్ళై నాలుగేళ్ళు, కడుపు పండలేదు. ఒకరోజు యమున ఫోను చేసింది. "రాజీ, మేం విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వెళ్తున్నాం. నువ్వూ రావే. నువ్వెప్పుడైనా సముద్రం మీద తిరిగావా?" అంది. రాజకుమారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. వీధి వీధంతా చెప్పుకుంది. రెండు కొత్త జాకెట్లు కుట్టించుకుంది. వదినకి ఇష్టమని దారిలోకి డబ్బాడు జంతికలు చేసింది. త్రినాథ్‌కి సెలవు దొరక్కపోతే, "పోనీలే, నాను సూసొచ్చి నీకు సెప్తాను గదా" అని ఓదార్చి మరీ బయల్దేరింది.

ఓడెక్కాక తెలిసింది అసలు సంగతి. యమున, మోహనకృష్ణ, రెండు స్నేహితుల జంటలు పై అంతస్తులో. రాజకుమారి, యమున పిల్లలిద్దరూ కింద కిటికీ లేని గదిలో. కూతురు మహతికి మూడున్నరేళ్ళు, కొడుకు బాబీకి ఏడాదిన్నర. "ఒక్క అరగంట చూస్తుండవే రాజీ, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం" అంది యమున. మధ్యాహ్నం భోజనం దగ్గర వెళ్ళిన మనిషి పొద్దుగూకేదాకా రాలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. సముద్రం పోటు మీదుంది. బాబీ తాగిన పాలు తాగినట్టే కక్కేవాడు. మహతి అమ్మ కావాలని తలుపు మీద రెండు చేతులతో బాదేది. రాజకుమారికీ కడుపులో తిప్పేది, అయినా ఒక చేత్తో కక్కు తుడుస్తూ, ఇంకో చేత్తో ఆ పిల్లని లాక్కుని నోటికొచ్చిన కథ చెప్పి ఊరుకోబెట్టేది. కొత్త జాకెట్లు రెండూ పుల్లటి వాసన పట్టి, మళ్ళీ తొడగడానికి పనికిరాలేదు.

అదైనా మరిచిపోయేదేమో. మూడో రోజు తలుపు అవతల ఎవరో స్నేహితుడి భార్య, "పాపం, ఆవిడ ఒక్కసారి కూడా పైకి రాదా?" అని అడిగింది. యమున నవ్వింది. "దానికేముంది, పిల్లల్లేరు. పిల్లల ముచ్చట తీరుతుందనే తీసుకొచ్చాను" అంది. తలుపు ఇవతల ఒళ్ళో ఇద్దరు పిల్లలతో కూర్చున్న రాజకుమారి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా విన్నది.

ఇంటికొచ్చాక వీధిలో వాళ్ళంతా మూగి, "సముద్రం ఎలాగున్నాదే?" అని అడిగారు. ఏం చెబుతుంది? ఎక్కేటప్పుడు నిచ్చెన మీద నుంచీ, దిగేటప్పుడు నిచ్చెన మీద నుంచీ తప్ప చూసింది లేదు, దీవిలోనూ పిల్లలతో గదే. "నీలంగా ఉన్నాది" అంది. మొగుడితో మాత్రం ఏడుస్తూ ఉన్నదంతా చెప్పింది. త్రినాథ్ తల గోక్కుని, "మా అప్ప నోరు అలాగే ఉంటాది గాని మనసు మంచిది" అన్నాడు. ఆ రాత్రి నుంచి రాజకుమారి ఆ విషయం ఎత్తలేదు. ఎత్తలేదంటే మరిచిపోయిందనుకున్నాడు ఆ అమాయకుడు.

తర్వాత మొక్కని దేవుడు లేడు. పెళ్ళైన పన్నెండో ఏట విజయనగరం పైడితల్లి కరుణించి ఆడపిల్లనిచ్చింది. ఆ తల్లి పేరే పెట్టుకుని పైడి అని పిలుచుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళకి హరిచరణ్. వాడు పుట్టిన రోజున ఆసుపత్రి మంచం మీద పడుకుని రాజకుమారి వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్క వేసుకుంటుంటే, అత్తగారు తాయారు మంచి నక్షత్రం చూస్తోందనుకుని మురిసిపోయింది. ఆమె చూసుకున్నది వేరు. యమున పిల్లల మధ్య ఎంత ఎడమో తన పిల్లల మధ్యా సరిగ్గా అంతే. వీడికి ఏడాదిన్నర వచ్చేనాటికి పైడికి మూడున్నరేళ్ళు వస్తాయి. గిన్నె దానంతటదే వచ్చి చేతిలో పడింది.

ఏడాది తిరిగేసరికి విశాఖపట్నం నుంచి మూడు రాత్రుల ఓడ షికారు ఉందని సెల్‌ఫోనులో ప్రకటన కనిపించింది. ఎండాకాలం సెలవుల్లో వెళదాం, మీ అప్పని కూడా పిలుద్దామంది మొగుడితో. త్రినాథ్ తెల్లబోయాడు.

"ఇంత సిన్నపిల్లల్తోనా? ఇంకో రెండేళ్ళాగితే పైడికి గ్యాపకముంటాది కదే. ఇప్పుడెల్తే దానికేటి గుర్తుంటాది?"

"దానికి గుర్తుండక్కర్నేదు. నాకు గుర్తుంటే సాలు."

త్రినాథ్ ఆమె మొహంలోకి చూశాడు. పదకొండేళ్ళ కిందటి ఏడుపు అందులో ఉన్నదున్నట్టే కనిపించింది.

విజయనగరంలో కోట దగ్గర టికెట్లు తీసే ధనరాజు అనే అబ్బాయి దగ్గరికి తానే వెళ్ళింది. పిల్లల వయసు వినగానే అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆరు నెలలు దాటితే ఎక్కనిస్తారు గాని, ఇంత చిన్నోళ్ళతో సుఖం లేదమ్మా. డైపర్ వేసే పిల్లల్ని ఈతకొలనులో దింపనివ్వరు. ఆటల గదిలో మూడేళ్ళ లోపు వాళ్ళని ఒదిలేసి రానివ్వరు, పక్కన మనిషి కూకోవాల్సిందే. పిల్లల దగ్గరున్న మనిషికి రోజంతా కాలు కదలదు. అయిదేళ్ళు దాటేక తీసుకెళ్ళండి, ఆళ్ళకీ సరదా, మీకూ సుఖం" అన్నాడు.

"కాలు కదలదా? నిజంగానే?" అంది రాజకుమారి. మొహం వెలిగిపోయింది.

"నిజమేనమ్మా."

"అయితే ఈ మే నెలకే రాసీ. రెండు గదులు. ఒకటి బాల్కనీ ఉన్నాది, ఇంకోటి లోపలిది, కిటికీ నేనిది."

"అందరూ కిటికీ కావాలంటారు..."

"నాను కిటికీ నేనిదే అడుగుతన్నాను."

తాయారు అడ్డం పడింది. ఆ ఇంట్లో పుట్టువెంట్రుకలు తియ్యకుండా పిల్లల్ని వాగు కూడా దాటించరు. "గెడ్డ దాటించం, సముద్రం దాటిస్తావేటే? మూడో ఏట కదా తియ్యాల" అంది. రాజకుమారి మూడో ఏటిదాకా ఆగితే ఏడాదిన్నర లెక్క ఏమవుతుంది? వారం తిరక్కుండా తన అన్నని పిలిపించి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, పైడితల్లి గుడిలో హరికి గుండు కొట్టించేసింది. పిల్లాడు గుడి అదిరేలా ఏడ్చాడు. తాయారు నోరు మూతపడింది.

పిల్లల డాక్టరమ్మ కూడా అదే పాట. గాలి ఎక్కువున్నప్పుడు వాంతులవుతాయి, చిన్నాడి ఒంట్లో నీరు తగ్గిపోతుంది, ఆగితే మంచిదంది. రాజకుమారి బుద్ధిగా విని వాంతుల మందు, ఉప్పు-పంచదార పొట్లాలు, జ్వరం చుక్కలు అన్నీ రాయించుకుంది. తన పిల్లలకి ఏమీ కాకూడదు. అనుభవించాల్సింది ఇంకొకరు.

పిలవగానే యమున కరిగి నీరైపోయింది. "ఎంత ప్రేమే రాజీ నీకు!" అంది. మోహనకృష్ణకి పని, బాబీకి హాస్టల్లో వేసవి క్లాసులు. పదో తరగతికి వస్తున్న మహతిని తీసుకుని ఆవిడ బయల్దేరింది. "మా తమ్ముడు ఓడలో తీసుకెళ్తున్నాడు" అని విజయనగరంలో ఎంతమందికి చెప్పిందో. కిటికీ లేని గది చూసి మూతి విరిచింది గానీ, ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టడం బాగోదని ఊరుకుంది.

మొదటి రోజు రాజకుమారి తేనె పూసిన కత్తిలా ఉంది. వదినకి దగ్గరుండి వడ్డించింది. పైడిని, హరిని అత్తకి మచ్చిక చేసింది. రెండో రోజు తెల్లవారేసరికి ఎటు చూసినా ఒడ్డు లేదు, ఫోనులో గీతలు లేవు. గాలి లేచింది, ఓడ మెల్లగా ఊగుతోంది. భోజనాలయ్యాక మహతి ఈతకొలను వైపు వెళ్ళింది. రాజకుమారి పిల్లలిద్దరినీ, మందుల సంచీనీ పట్టుకుని వదిన గది తలుపు కొట్టింది.

"ఒక్క అరగంట సూస్తుండు వదినా, ఇలా ఎల్లి అలా వచ్చెస్తాం" అంది. పదకొండేళ్ళు నాలుక మీద నానబెట్టిన మాట అది.

"అరగంటేగా, వెళ్ళిరండి" అంది యమున.

పైడి అప్పటికే తల్లి కొంగు పట్టుకుంది. రాజకుమారి ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. తలుపు మూసింది. మెట్లన్నీ ఎక్కి, అన్నిటికంటే పై అంతస్తులో, అన్నిటికంటే ముందున్న కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. సముద్రం నిజంగానే నీలంగా ఉంది.

ఎవరేమైనా అనుకోనివ్వండి, ఆవిడ సుఖపడింది. ఆ మాట దాచడం దేనికి? ఒంటిగంటకి అనుకుంది, ఇప్పుడు పైడి అమ్మేదని మొదటిసారి అడుగుతుంది. ఒంటిన్నరకి అనుకుంది, ఇప్పుడు తలుపు బాదుతుంది. రెండయింది, ఇప్పుడు హరి కక్కుంటాడు, వదిన పట్టుచుడీదారు మీదే కక్కుంటాడు. మెట్టు మెట్టూ ఆమెకి తెలిసిన దారే. ఒక్కో మెట్టుకీ ఒక్కో ఐస్‌క్రీము చెంచా నోట్లో పెట్టుకుంది. అబ్బ, ఎంత చల్లగా దిగిందో!

"అరగంటన్నావు, రెండు గంటలైపోనాది. ఎల్దాం పదే, ఆళ్ళు మన పిల్లలే కదే" అన్నాడు త్రినాథ్ లేచి నిలబడి.

"కూకో. మీ అప్ప పిల్లలు ఆళ్ళమ్మ పిల్లలు కారేటి? అప్పుడొచ్చేవా నువ్వు, ఎల్దాం పదమని సెప్పడానికి?"

కూర్చున్నాడు.

నాలుగింటికి ఆమె రొమ్ములు బరువెక్కాయి. హరి ఇంకా పాలు మానలేదు, అది వాడు పాలు తాగే వేళ. జాకెట్టు తడిసింది. పైట ఇంకో చుట్టు కప్పుకుని, పళ్ళు బిగించి అలాగే కూర్చుంది. ఆనాడు వదిన వచ్చింది పొద్దుగూకేక కదా. వచ్చినంతా తిప్పి ఇవ్వాలి, మధ్యలో లేవకూడదు. సూర్యుడు నీళ్ళలోకి ఒరిగాకే లేచింది.

కింద ఆ గది తలుపు తోసేసరికి పుల్లటి వాసన గుప్పుమంది. పదకొండేళ్ళలో ఆ వాసన రవ్వంత మారలేదు. యమున నేల మీద కూలబడి ఉంది. జడ ఊడిపోయింది, చుడీదారు మీద మరకలు. ఒళ్ళో హరి నీరసంగా నిద్రపోతున్నాడు. మందుల సంచీ విప్పి ఉంది, గ్లాసులో ఉప్పు-పంచదార నీళ్ళు సగం ఉన్నాయి. పాపం, చెయ్యాల్సిందంతా చేసింది. మంచం మీద మహతి గోడకి ఆనుకుని కూర్చుంటే, ఆ పిల్ల కడుపు మీద పైడి పడుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి పైడి కళ్ళు ఉబ్బిపోయాయి.

త్రినాథ్ గబుక్కున కొడుకుని ఎత్తుకున్నాడు. రాజకుమారి గుమ్మంలోనే నిలబడి, దాచుకున్న రెండో మాట తీసింది.

"పిల్లల ముచ్చట తీరిందా వదినా? ఇంతకీ సముద్రం ఎలాగున్నాది?"

యమున నోటి నుంచి టౌను మాట ఎగిరిపోయి ఊరి మాట వచ్చింది. "నీకు బుద్దున్నాదేటే? అరగంటని సెప్పి అయిదు గంటలా! రెండుసార్లు మీకోసం బయల్దేరేను, రెండుసార్లూ గుంటడు కక్కున్నాడు. నీ గుంట తలుపు బాది బాది సేతులు కందిపోనాయి. నువ్వు తల్లివేనా?"

"మరి నువ్వు తల్లివేనా?" అంది రాజకుమారి. "పదకొండేళ్ళ కిందట, అండమాన్ ఓడలో, మూడు రోజులు. ఇదే గది, ఇదే కక్కు. నీ పిల్లలు ఇలాగే బాదేరు తలుపు. నాను సూసేను ఆళ్ళని. నువ్వు పైన నవ్వుకుంటా కూకున్నావు. దానికి పిల్లల్లేరు, ముచ్చట తీరతాదని తెచ్చేనన్నావు. ఇన్నాను నాను. ఇయ్యాల తిప్పి ఇచ్చేను నీ గిన్నె. ఒక్కటి తక్కువ నేదు, లెక్క సూసుకో."

ఇప్పుడు వదిన మొహం పాలిపోవాలి, తల దించుకోవాలి. పదకొండేళ్ళుగా రాజకుమారి రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని చూసుకున్న మొహం అదే. యమున మొహంలో అదేమీ లేదు. ఆవిడ నిజంగానే అర్థంకాక చూసింది.

"అండమానా? అండమాన్ మేం మా ఆయన ఫ్రెండ్సుతో కదా వెళ్ళేం... నువ్వొచ్చేవేటి?"

దొంగమాట కాదది. ఆవిడ జ్ఞాపకం తెచ్చుకోవడానికి కనుబొమలు ముడిచి మరీ ప్రయత్నిస్తోంది. "ఫొటోల్లో కూడా నువ్వు నేవు కదే" అంది చివరికి.

రాజకుమారికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఫొటోల్లో ఎలా ఉంటుంది, కిటికీ లేని గదిలో ఉన్న మనిషి? ఇన్నేళ్ళూ తను నిద్ర మానుకుని మోసింది. ఆవిడ మాత్రం హాయిగా మరిచిపోయి నిద్రపోయింది. ఇంత శ్రద్ధగా వండి, ఇంత దూరం మోసుకొచ్చి అందిస్తే, ఈ గిన్నె మాది కాదంటోంది!

"అత్త వచ్చిందమ్మా" అంది మహతి.

అందరూ అటు తిరిగారు. పైడి నిద్ర చెదరకుండా ఆ పిల్ల మెల్లగా మాట్లాడింది.

"నాకు గుర్తుంది."

"నీకేటి గుర్తుంటాదే? అప్పుడు నీకు మూడున్నరేళ్ళు" అంది యమున.

"గోడకి ఆరెంజ్ కలర్ లైఫ్ జాకెట్లు వేలాడేవి. నేను తలుపు కొట్టేదాన్ని. అత్త నన్ను ఇలాగే పొట్ట మీద పడుకోబెట్టుకునేది. అమ్మేదంటే, మీ అమ్మ సముద్రంలో నీళ్ళు పోయడానికి వెళ్ళింది, సముద్రం నిండగానే వచ్చేస్తుందని చెప్పేది. నేను నిజమే అనుకున్నాను. యూకేజీలో కూడా అందరికీ చెప్పాను, మా అమ్మ సముద్రంలో నీళ్ళు పోస్తుందని. మీరందరూ నవ్వారు." కాస్త ఆగింది. "నాకు అన్నిటికంటే ముందు గుర్తున్నది అదేనమ్మా. అందులో నువ్వు లేవు."

అప్పుడు పాలిపోయింది యమున మొహం. కడిగిన గోడలా తెల్లబడిపోయింది. కూతురి వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, మరకలున్న తన ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుండిపోయింది.

రాజకుమారి కడుపు నిండిపోయింది. తను అయిదు గంటలు కష్టపడి చెయ్యలేని పని ఆ పిల్ల రెండు ముక్కల్లో చేసేసింది. తను ఏనాడో చెప్పి మరిచిపోయిన కథ అది. అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి అదొక్కటే మరిచింది. ఆ మరిచిందే వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. పైడితల్లీ, ఉన్నావే నువ్వు, అనుకుంది. నవ్వు కూడా వచ్చింది.

ఆ నవ్వుమొహంతోనే మంచం దగ్గరికి వెళ్ళి, "పైడీ, లెగు బంగారం, అమ్మొచ్చింది" అని చేతులు చాపింది.

పైడి కళ్ళు విప్పింది. తల్లిని చూసింది. చేతులు చాపలేదు. మహతి మెడ చుట్టూ వేసిన చేతులు తియ్యకుండానే, బొంగురుపోయిన గొంతుతో అడిగింది.

"సముద్రం నిండిపోయిందా అమ్మా?"

రాజకుమారి చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"ఊరుకోకపోతే ఆ కథే చెప్పాను అత్తా. నాకు వేరే కథ రాదు" అంది మహతి. ఆ గొంతులో కోపం లేదు.

పదకొండేళ్ళుగా ఎవరేమంటే ఏమనాలో అన్నీ అద్దం ముందు నేర్చుకున్న మనిషి రాజకుమారి. ఆ పిల్ల అడిగినదానికి మాత్రం నిండిందనీ అనలేకపోయింది, నిండలేదనీ అనలేకపోయింది. పైడి జవాబు కోసం కాసేపు చూసి, మొహం మహతి భుజంలో దాచుకుంది. మిగిలిన రెండు రాత్రులూ ఆ పిల్ల మహతి దగ్గరే పడుకుంది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. యమున ఆ తర్వాత బొబ్బిలి రాలేదు, ఫోనూ లేదు. రాజకుమారి గెలిచిందనే అనుకోవాలి. వీధిలో వాళ్ళు ఓడ కబుర్లు అడిగితే బాగుందని చెబుతుంది. అరిసెలు వత్తడానికి వచ్చే లక్ష్మణమ్మ మొన్న ఒకరోజు, "మా మనవలు ఇంకా సిన్నోళ్ళమ్మా, ఓడెక్కించాలంటే ఎన్నేళ్ళు రావాల?" అని అడిగింది. రాజకుమారి పిండి మీద నుంచి తల ఎత్తలేదు. "పెద్దోళ్ళవనీ" అంది.

"మూడేళ్ళ గుంటలకి ఏటి గుర్తుంటాదిలే, డబ్బు దండగ" అని లక్ష్మణమ్మే సర్ది చెప్పుకుంది.

పైడికి నాలుగున్నరేళ్ళు. నెలకోసారి, ఎవరూ లేనప్పుడు, జడ వేస్తూనో అన్నం పెడుతూనో రాజకుమారి మాట మధ్యలో అడిగినట్టు అడుగుతుంది, "మనం ఓడెక్కేం కదా, నీకు గుర్తున్నాదేటే?" అని. అడిగి, లోపల పైడితల్లికి దణ్ణం పెట్టుకుంటుంది. ఈ పిల్ల మరిచిపోతే చాలు తల్లీ, ఇంకేమీ అడగను.

అడిగిన ప్రతిసారీ పైడి తలూపుతుంది.

"ఊఁ. గుర్తున్నాది."